షెఫీల్డ్ పనితనం

మా బావగారు బ్యాంకులో ఉన్నంతకాలం తాకట్టుకొచ్చిన బంగారానికి విలువ కట్టారు. రిటైరయ్యాక పాత మంగలికత్తుల మీద పడ్డారు.

నవ్వకండి. ఆ కత్తులకు ఇప్పుడు మంచి గిరాకీ ఉంది. గడ్డాలు పెంచి నూనెలు రాసుకునే కుర్రాళ్ళకు ఉన్నట్టుండి తాతలనాటి మడతకత్తితో గీసుకోవాలనే సరదా పుట్టింది. అమ్మేవాడు కలకత్తాలోనో బొంబాయిలోనో కూర్చుని రెండు ఫొటోలు పెడతాడు. 'యాంటిక్, రేర్, బ్రిటిష్ టైమ్' అని మూడు ముక్కలు రాస్తాడు. ఆ రెండు ఫొటోలనే నమ్ముకుని డబ్బు ముందే కట్టి, కొరియర్ వాడి కోసం వీధిలోకి చూస్తూ కూర్చోవాలి. పొట్లం విప్పాక గాని లోపలున్నది కత్తో, రేకుముక్కో తేలదు. క్షవరమైతే గాని వివరం తెలియదని పెద్దలు ఊరికే అన్నారా?

బావగారు అలా మోసపోయే రకం కాదు. ఆయన దగ్గర భూతద్దం ఉంది, సన్నటి టార్చి ఉంది, స్వహస్తాలతో రాసుకున్న నోటుపుస్తకం ఉంది. అలుగు మీద 'వి ఆర్' అని కిరీటం గుర్తుంటే విక్టోరియా రాణి కాలం, అంటే 1837కూ 1901కీ మధ్యది అంటారు. ఊరిపేరు కింద 'ఇంగ్లండ్' అని దేశం పేరు కూడా ఉంటే, దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండి తీరాలని అమెరికా 1890లో చట్టం చేశాక తయారై ఉంటుందంటారు. నక్షత్రం, పక్కన మాల్టీస్ శిలువ కనిపిస్తే షెఫీల్డ్‌లోని జోసెఫ్ రాడ్జర్స్ వారిదని చదవకుండానే చెప్పేస్తారు. కత్తి చరిత్రంతా ఆయనకు కంఠతా వచ్చు. కత్తి సంగతి మాత్రం అంతగా తెలియదు. ఈ రెండూ ఒకటి కాదని ఆయన ఒప్పుకునేవారు కాదు.

కొనడం ఇక్కడ రాజమండ్రిలో బావగారి పని. ఫొటోలు తీసి, ఇంగ్లీషులో వర్ణన రాసి, అమ్మి, పార్సెల్ కట్టి పంపడం హైదరాబాదులో మా మేనల్లుడి పని. దుకాణానికి ఏదో దొరగారి ఇంటిపేరులాంటి పేరు పెట్టాడు. చూస్తే లండన్ కొట్టు అనుకోవాల్సిందే.

ఒకసారి కలకత్తా నుంచి 9 కత్తులు ఒకే మూటగా వచ్చాయి. ఏదో పాత బంగళా ఖాళీ చేస్తే బయటపడ్డ సరుకట. అన్నిటికీ ముద్రలున్నాయి, అన్నీ పాతవే. వాటిలో గడ్డానికి పనికొచ్చేవి ఏవో భూతద్దానికి అందలేదు.

"నువ్వు గడ్డం చేయించుకునే ముసలాయన ఉన్నాడుగా, ఓసారి పిలుచుకురా" అన్నారు బావగారు.

ఆ పెద్దాయన కొట్టు కోటిలింగాల రేవుకు వెళ్ళే దారిలో ఉంది. రెండు కుర్చీలు, ఒక పొడుగాటి అద్దం. అద్దం కింద చెక్కతో చేసిన పాత పొది పెట్టె, మూలలకు ఇత్తడి మేకులతో. అది వాళ్ళ అయ్యది. 1991 పుష్కరాలకు అయ్య పక్కన కూర్చుని గట్టు మీద గుండ్లు గీశాడు. 2003కు ఒక్కడే కూర్చున్నాడు. 2015 నాటికి చూపు మందగించి, యాత్రికులకు దారి చెప్పడంతో సరిపెట్టుకున్నాడు. ఎయిడ్స్ భయం పుట్టాక నూరుడు కత్తి పక్కనపెట్టి, మనిషికో సగం బ్లేడు మార్చే కత్తిలోకి దిగాడు అందరిలాగే. మనవడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్. "ఇంక కొట్టు మూసెయ్యి తాతా" అంటాడట వాడు. ఈయన మూయడు.

పిలవగానే వచ్చాడు. బావగారు వసారాలో పాత దినపత్రిక పరిచి 9 కత్తులూ వరసగా పెట్టారు. మా అక్క కాఫీ తెచ్చింది. మా ఇద్దరికీ పింగాణీ కప్పుల్లో, ఆయనకు కాగితం గ్లాసులో.

బావగారు ముందు ఉపన్యాసం అందుకున్నారు. 1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ మూసలో ఉక్కు కరిగించే పద్ధతి కనిపెట్టడం, దాంతో షెఫీల్డ్ కత్తులకు పేరు రావడం, తుప్పు పట్టని ఉక్కును 1913లో హ్యారీ బ్రేర్లీ ఆ ఊళ్ళోనే తయారుచేయడం, అంతకు ముందటి కత్తులన్నీ తుప్పు పట్టే ఉక్కువే కావడం, 1904లో జిల్లెట్ పేటెంటు తీసుకున్నాక ఈ కత్తుల రోజులు దగ్గర పడటం. అన్నీ నిజాలే. పెద్దాయన ప్రతిదానికీ "ఆయ్" అంటూ, ఆ లోపల ఒక్కో కత్తే విప్పి చూస్తున్నాడు.

మొదటిది తళతళలాడుతోంది. మొహం చూసుకోవచ్చు. బావగారు మురిసిపోతున్న కత్తి అదే. పెద్దాయన దాన్ని వెలుతురుకైనా పట్టలేదు, ముద్ర మీద బొటనవేలు పెట్టి రాసి పక్కన పెట్టేశాడు.

"ఏమోయ్, అదే కదా అన్నిటికన్నా బాగుంది?"

"మెరుగు చక్రం పట్టారండి బాబూ. అక్షరాలు అరిగిపోయాయి చూడండి, ముట్టుకుంటే జారిపోతున్నాయి. చక్రం మీద అలుగు వేడెక్కితే ఉక్కులో చేవ చచ్చిపోద్ది. ఆ కొన దగ్గర నీలం జీర లేదూ? కాలిందన్నమాట. దీన్ని ఎంత నూరినా పదును పొద్దుటికి ఉండదు."

రెండోది నల్లమచ్చలతో చూడటానికి అసహ్యంగా ఉంది. దాన్ని మాత్రం తీసి వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పాడు. మచ్చ ఒంటి మీద ఉంటే ఫరవాలేదట, అది వయసు. వాదర పక్కన గుంటలు పడితేనే ప్రమాదం. రాయి మీద నూరుతూ పోతే వాదర అరిగి అరిగి ఎప్పుడో ఒకనాటికి ఆ గుంట దాకా వస్తుంది. వచ్చిన రోజున పెచ్చు రాలుతుంది. రాలిన కత్తి చెంప మీద ఆడితే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, తన చెంప తడుముకున్నాడు.

ఆ తర్వాత నేను ఎన్నడూ చూడని పని ఒకటి చేశాడు. కత్తిని తిరగేసి, వాదర సరిగ్గా తన కంటికి ఎదురుగా, పైకి ఉండేట్టు పట్టుకుని కిటికీ వైపు తిరిగాడు.

"పదునున్న వాదరకు వెలుతురు ఆనదండి. నూలుపోగంత తెల్లగీత కనపడిందా, అక్కడ మొద్దుబారిందన్నమాట. చుక్కలు చుక్కలుగా మెరిసిందా, నొక్కులున్నాయి. ఫొటో పెట్టేవాడిని ఇట్టాంటిది ఒక్కటి తీసి పంపమనండి. పంపడు."

బావగారు నోటుపుస్తకం తెచ్చుకున్నారు.

ఇక అక్కడి నుంచి పెద్దాయన చెప్పడం, బావగారు రాసుకోవడం. ఫొటో ఒకవైపుదే పెట్టాడంటే రెండోవైపు చూపించలేకే. కత్తి మూసి పైనుంచి తీసిన ఫొటో అడగాలి, అలుగు పిడి రెక్కల మధ్య సరిగ్గా నడిమికి దిగాలి. ఒక రెక్కకు ఒరిగితే పిడి అయినా వంకరపోయి ఉండాలి, అలుగైనా మెలితిరిగి ఉండాలి. పిడి అయితే బాగుపడుతుంది. వాదర తిన్నగా ఉన్నా మంచిదే, కొద్దిగా బయటికి ఉబ్బినా మంచిదే. నడుము లోపలికి పోతే మాత్రం వద్దు, అది రాయి మీద మధ్యభాగమే ఆనించి నూరిన చేతగాని చెయ్యి.

అన్నిటికన్నా ఎక్కువసేపు చూసింది వెన్ను. మంగలికత్తి నూరేటప్పుడు వాదరా వెన్నూ రెండూ రాయి మీద పడుకోవాలి. వెన్ను లేపితే కత్తి పోయినట్టే. అందుకని వాదరతో పాటు వెన్నూ అరుగుతుంది, రెండువైపులా సన్నటి మెరుపు పట్టీ పడుతుంది. ఆ పట్టీ రెండు పక్కలా ఒకే వెడల్పున ఉంటే నూరినవాడు పనివాడు. ఒకవైపు సన్నంగా, ఒకవైపు లావుగా ఉంటే బలం ఒకవైపే పెట్టాడు. మరీ వెడల్పుగా ఉంటే ఆ కత్తి ఆయుష్షు ఎవరో ముందే వాడేశారు. వెన్ను పల్చబడేకొద్దీ వాదర మరీ సన్నమై, గడ్డం మీద నిలవదు. ఈ లెక్క ఏ వర్ణనలోనూ రాయరు, ఏ ముద్రలోనూ ఉండదు. కత్తి మాత్రం దాచుకోలేదు.

దంతపు పిడి అని బావగారు గుడ్డలో చుట్టి విడిగా పెట్టినదాన్ని పెద్దాయన వాసన చూశాడు. "కర్పూరం కంపు కొడుతోందండి" అన్నాడు. బావగారి మొహం వాడిపోయింది. సెల్యులాయిడ్ తయారీలో కర్పూరం కలుపుతారు. దంతంలాగే చారలు వేసి మరీ చేసేవారు. పాతబడి అది కుళ్ళడం మొదలుపెడితే వచ్చే ఆవిరికి లోపల మడిచిన అలుగు తుప్పు పట్టిపోతుంది. విప్పి చూస్తే సరిగ్గా పిడిలో దాగే మేరకే తుప్పు. నిజంగా దంతమే అయ్యుంటే ఇంకో తంటా, మన దేశంలో దంతం కొనడం, అమ్మడం నేరం. ఒకరకంగా బావగారు బతికిపోయారు.

చివరికి అలుగులను ఒక్కొక్కటే గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నాడు. జర్మనీ సోలింగెన్ కత్తులు రెండున్నాయి, లోపలికి బాగా గుల్ల తీసి పల్చగా చేసినవి. ఒకటి ఖంగుమంది. రెండోది బొంగురుపోయింది. "పగులుందండి" అన్నాడు. భూతద్దం పెట్టినా మాకు కనపడలేదు. బావగారు సిరా చుక్క వేసి తుడిచాక కనపడింది, వెంట్రుకంత.

9లో 3 నిలిచాయి. నల్లమచ్చల షెఫీల్డ్ కత్తి అందులో ఒకటి.

"ఈ మూడూ నూరి పెట్టు. నీకు చేతనవునా?" అన్నారు బావగారు.

"మా తాత, మా అయ్య, నేను. మూడు తరాలుగా ఇదే పనండి" అన్నాడాయన. గొప్పగా కాదు, అడిగారు కాబట్టి.

రెండు రోజులు పట్టింది. రాయి మీద వాదర ముందు, వెన్ను వెనక. తోలు మీదకు వచ్చేసరికి వెన్ను ముందు, వాదర వెనక, లేకపోతే తోలు తెగుతుంది. నీళ్ళు, రాయి, మళ్ళీ నీళ్ళు. నల్లమచ్చల కత్తికి పిడి మేకు వదులైపోయి అలుగు ఊగుతోందని, కొట్టుకెళ్ళి పొది పెట్టె మూల నుంచి ఒక ఇత్తడి మేకు పీక్కొచ్చి, కోసి, తల అణగ్గొట్టి బిగించాడు. బావగారు కాస్త విసుక్కున్నారు, అసలుతనం పోయిందని. పెద్దాయన మాట్లాడలేదు. చేతిమీద వెంట్రుకలకు ఆనీ ఆనకుండా కత్తి ఆడించి చూపించాడు. వెంట్రుకలు ఎగిరిపోయాయి. బావగారు విసుగు మానుకున్నారు.

కూలీ అడగలేదు. బావగారే ఐదు వందల నోటు తీసి ఇచ్చారు, మూడింటికీ కలిపి. "గంటకు వందేసుకున్నా ఎక్కువే పడిందోయ్" అన్నారు. గంటలు ఎవరు లెక్కపెట్టారో నాకు తెలియదు.

ఆ సంక్రాంతికి ముందు, భోగినాడు పొద్దున్నే గడ్డానికి వెళ్ళాను. కొట్లో పెద్దాయన మనవడున్నాడు. పండక్కి వచ్చాడు. తాత కోసం ఏదో తెచ్చాడట, నేను వచ్చేసరికి పెట్టె విప్పుతున్నాడు. కొట్టు మూసెయ్యమనే పిల్లాడు, ఇక మూయడని తేల్చుకున్నట్టున్నాడు. నల్లటి అట్టపెట్టె, లోపల వెల్వెట్టు, దాని మీద మడతకత్తి. పక్కన బంగారు అంచుల కాగితం.

"ఆన్‌లైన్లో దొరికింది తాతా. అసలు షెఫీల్డ్‌ది. నువ్వు చెప్పేవాడివిగా, మీ తాత దగ్గర దొరలిచ్చిన షెఫీల్డ్ కత్తి ఉండేదని."

"ఎంతయిందిరా?"

వాడు నవ్వి ఊరుకున్నాడు. మళ్ళీ అడిగితే చెప్పాడు. కత్తికి 14,000. నూరినందుకు 4,000 వేరే.

"నూరినందుకు నాలుగు వేలా!"

"మామూలోళ్ళు నూరలేదు తాతా, విను" అంటూ కాగితం అందుకుని తెలుగు చేసి చదివాడు. "'పరిస్థితి అద్భుతం. మచ్చలు వయసు గుర్తులే, వాదర పక్కన గుంటలు లేవు. వెన్ను రెండువైపులా సమానంగా అరిగింది. మేకులన్నీ అసలువే. మూడు తరాలుగా ఇదే వృత్తిలో ఉన్న షెఫీల్డ్ నిపుణుడు స్వయంగా చేత్తో నూరినది.' చూశావా?"

పెద్దాయన కత్తి విప్పాడు. వెన్ను చూశాడు. వాదరను కంటికి ఎదురుగా పెట్టి వీధి వెలుతురులోకి తిరిగాడు. పిడి చివర మేకు మీద బొటనవేలు ఉంచి కాసేపు అలాగే ఉన్నాడు.

"ఎలా ఉంది తాతా?"

"నూరినోడు పనోడేరా నాన్నా" అన్నాడు. "బంగారంలాంటి కత్తి తెచ్చావు. ఇంటికెళ్ళి మీ నానమ్మకు చెప్పు, నేనొచ్చి తలంటు పోసుకుంటానని."

వాడు సంబరంగా వెళ్ళిపోయాడు. నేను కుర్చీలో కూర్చున్నాను. పెద్దాయన ఆ కత్తినే స్పిరిట్‌తో తుడిచి, తోలు మీద నాలుగుసార్లు ఆడించాడు. "దీంతోనే చేస్తానండి ఇయ్యాళ" అన్నాడు. నురగ పట్టించి, గడ్డం కింద వేలు పెట్టి నా తల వెనక్కి వంచాడు. గొంతు మీద చల్లగా ఆనింది.

"కదలకండి బాబూ. ఈ మేకు మా అయ్య పెట్టెది. మా వోడికి మాత్రం చెప్పకండి, పాపం జీతం డబ్బులు పెట్టి కొన్నాడు. మీ బావగారికి నా మాటగా ఒక్కటి చెప్పండి. నూరుడుకూలీ ఒక్కోదానికి నాలుగు వేలంట, నేను నూరింది మూడు, మొత్తం పన్నెండు వేలు. ఐదొందలు ముట్టాయి. మిగతా పదకొండు వేల ఐదొందలూ షెఫీల్డు దాకా పంపక్కర్లేదు, ఈ కొట్లోనే ఇచ్చిపొమ్మనండి."